ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, షార్ట్‌కట్ల వెనకే ఉన్నాయి

ప్రశ్న: మాది మండల కేంద్రంలో డిగ్రీ కాలేజీ ఎదురుగా చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. రెండు సిస్టమ్‌లున్నాయి. ఒకటి పాత విండోస్ 7. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అందులోనే ఉన్నాయి కాబట్టి పెళ్లి కార్డులు, కరపత్రాలు దాని మీదే చేస్తాం. రెండోది విండోస్ 10, ఆన్‌లైన్ అప్లికేషన్లకీ ప్రింట్లకీ. నెల రోజులుగా ఎవరి పెన్‌డ్రైవ్ పెట్టినా లోపలి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోతున్నాయి. యాంటీవైరస్ వేశాం, పెన్‌డ్రైవ్‌లు ఫార్మాట్ కొట్టాం, మళ్లీ అదే. మా తమ్ముడు ‘ఆటోరన్’ పేరుతో పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి, ఇక రాదన్నాడు. అయినా వచ్చింది. మొన్న ఒక కుర్రాడు ప్రాజెక్ట్ రిపోర్టు ప్రింటుకి తెచ్చాడు. మా సిస్టమ్‌కి పెట్టగానే తన ఫైళ్లన్నీ పోయాయని పదిమందిలో గొడవ చేసి, పెన్‌డ్రైవ్ బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. సిస్టమ్‌లు బాగుచేసే అబ్బాయి రెండూ ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించాలంటున్నాడు. అను ఫాంట్లు, పాత డిజైన్లు అన్నీ మళ్లీ సర్దుకోవడం మా వల్ల కాదు. వేరే దారి లేదా? ఆ కుర్రాడి ఫైళ్లు వస్తాయా?
— ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: ముందు ఆ కుర్రాడి సంగతి చూద్దామమ్మా. ఆ పెన్‌డ్రైవ్‌ని మీరుగానీ మీ తమ్ముడుగానీ ఇంతవరకు ఫార్మాట్ కొట్టకపోతే అతని రిపోర్టు అందులోనే ఉంది. నమ్మకం కుదరకపోతే, దాన్ని తెరవకుండా, కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఎలాగూ అంటుకున్నదే కాబట్టి ఈ చూడటంవల్ల కొత్తగా పోయేదేమీ లేదు. లోపల కనిపించే షార్ట్‌కట్లన్నీ కలిపినా పట్టుమని వంద కేబీ ఉండవు. ప్రాపర్టీస్‌లో ‘యూజ్డ్ స్పేస్’ మాత్రం రెండు జీబీ, మూడు జీబీ అంటుంది. ఖాళీ సంచికి అంత బరువు ఉండదు కదా.

ఇప్పుడు అందులో ఒక షార్ట్‌కట్‌ని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. పసుపుపచ్చ ఫోల్డర్ బొమ్మే, పేరు కూడా పాతదే. కింద ఎడమ మూలన చిన్న వంకర బాణం ఉంటుంది, అదొక్కటే తేడా. దాని మీద డబుల్ క్లిక్ చేయకుండా రైట్ క్లిక్, ప్రాపర్టీస్ కొట్టండి. ‘టార్గెట్’ అన్న గడిలో ఏముందో చదవండి. మామూలుగా అక్కడ ఫోల్డర్ చిరునామా ఉండాలి. మీకు కనిపించేది మాత్రం సీఎండీ డాట్ ఈఎక్స్ఈతో (టైపు చేసిన ఆదేశాలు నడిపే విండోస్ ప్రోగ్రాం అది) మొదలయ్యే ఒక పొడుగాటి వరస. చాలావాటిలో ఆ వరస రెండు పనులు చెబుతుంది: ముందు పెన్‌డ్రైవ్‌లో దాక్కున్న ఒక వీబీఎస్ ఫైలుని (ఆదేశాలు రాసిన చిన్న ప్రోగ్రాం) నడుపు, తర్వాత అసలు ఫోల్డర్ తెరువు. తెలివంతా ఆ రెండో పనిలోనే ఉంది. ఫోల్డర్ మామూలుగా తెరుచుకుంటుంది, మనకు కావలసిన ఫైలు దొరుకుతుంది, ప్రింటు వస్తుంది, చిల్లర తీసుకుని మనిషి వెళ్లిపోతాడు. ఈలోగా ఆ వీబీఎస్ ఫైలు మీ సిస్టమ్‌లో తన కాపీ ఒకటి పెట్టుకుని, సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా తానూ లేచేలా స్టార్టప్‌లో పేరు రాయించుకుంటుంది.

ఆ తర్వాత అది చేసే పని కాపు కాయడం. కొన్ని సెకన్లకోసారి లేచి, కొత్త పెన్‌డ్రైవ్ ఏదైనా వచ్చిందా అని చూస్తుంది. వస్తే తన కాపీ అందులో వేస్తుంది, అక్కడున్న ఫైళ్లనీ ఫోల్డర్లనీ దాచేస్తుంది, వాటి స్థానంలో అవే పేర్లతో, అవే బొమ్మలతో షార్ట్‌కట్లు నిలబెడుతుంది. మళ్లీ పడుకుంటుంది. ఇంత జరగడానికి మీరు టీ గ్లాసు పక్కన పెట్టేంత సమయం చాలు.

అందుకే మీరు పెన్‌డ్రైవ్ ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా లాభం లేకపోయింది. పెన్‌డ్రైవ్ ఇక్కడ ఈగ లాంటిది, కుళ్లు మీ సిస్టమ్‌లో ఉంది. ఈగను తోలుతూ కూర్చుంటే ఎప్పటికీ తెమలదు. పైగా ఫార్మాట్ కొట్టిన ప్రతిసారీ, దాక్కున్నవన్నీ మీ చేతులతో మీరే చెరిపేస్తున్నారు. ఆ వీబీఎస్ ఫైలు దాచిపెడుతోంది అంతే. కస్టమర్ల ఫైళ్లు నిజంగా పోతున్నది ఫార్మాట్ వల్ల. ఈ మాట కటువుగా ఉంటుంది, కానీ మీకు తెలియాలి.

అందరూ దీన్ని ‘షార్ట్‌కట్ వైరస్’ అంటారు. పద్ధతి ప్రకారం ఇది వార్మ్, అంటే పురుగు జాతి. వైరస్ మరో ప్రోగ్రాంలో దూరి, అది నడిస్తేనే తానూ నడుస్తుంది. పురుగుకి ఆ ఆసరా అక్కర్లేదు. తనంతట తానే ఒక పూర్తి ప్రోగ్రాం, తన కాపీలు తానే వేసుకుంటుంది. మీకు పట్టినది 2013 ప్రాంతం నుంచి తిరుగుతున్న హౌడిని రకం కావచ్చు. మైక్రోసాఫ్ట్ దాన్ని జెంక్స్‌కస్ అని పిలుస్తుంది. అది వీబీఎస్‌లో రాసిన మామూలు అక్షరాల ఫైలే కాబట్టి ఎవరైనా తెరిచి నాలుగు లైన్లు అటూ ఇటూ మార్చి కొత్త పురుగుగా వదలొచ్చు. యాంటీవైరస్‌లు ఒక్కోసారి వెనకబడటానికి అదొక కారణం. పోలికలు చెరపడానికి జుట్టు కత్తిరించుకుని మీసం తీసేసిన దొంగ లాంటి వ్యవహారం.

దాచడం, షార్ట్‌కట్లు పెట్టడం దాని సరదా కోసం కాదు. ఈ రకం పురుగులు ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో ఉన్న యజమానితో మాట్లాడుతూ ఉంటాయి. ఫలానా ఫైలు పంపు, ఫలానా ప్రోగ్రాం దించి నడుపు అని అతను చెబితే చేస్తాయి. పెన్‌డ్రైవ్‌ల మీద పాకే గమారూ అనే ఇంకో కుటుంబం ఉండేది. ఇతర మాల్వేర్లకు, అంటే హానిచేసే ప్రోగ్రాంలకు, తలుపు తీయడమే దాని వ్యాపారం. దాని నెట్‌వర్క్‌ని 2017 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ, యూరప్ పోలీసులు కలిసి పడగొట్టారు. 2021లో బయటపడిన రాస్‌బెర్రీ రాబిన్ కూడా పెన్‌డ్రైవ్‌లో షార్ట్‌కట్‌తోనే మొదలవుతుంది. కాబట్టి శుభ్రం చేసేదాకా ఆ విండోస్ 10 సిస్టమ్ మీద బ్యాంకు లాగిన్, కస్టమర్ల పాస్‌వర్డ్‌లు కొట్టే పనులు ఆపేయండి. ఈ నెలలో దాని మీద వాడిన మీ సొంత పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మార్చేయండి. డెస్క్‌టాప్ మీద కుప్పగా పడి ఉన్న జనాల ఆధార్ స్కాన్లు, పాస్‌బుక్ ఫొటోలు... అవి ఉన్నాయని మీరు రాయలేదు, కానీ నేను చూసిన ప్రతి జిరాక్స్ షాపులోనూ ఉన్నాయి. పని అయిపోయినవి తీసేయండి.

మీ తమ్ముడి ఆటోరన్ ఫోల్డర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అతను చేసింది తప్పు కాదు, పదిహేనేళ్లు ఆలస్యం. పాత విండోస్‌లో ఒక సదుపాయం ఉండేది. సీడీ పెట్టగానే అందులో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే చిన్న ఫైలు చదివి, అది చెప్పిన ప్రోగ్రాం దానంతట అదే నడిచేది. సీడీలకు బాగానే ఉంది. పెన్‌డ్రైవ్‌లు వచ్చాక పురుగులు ఆ తలుపులోంచి వరసకట్టి వచ్చాయి. 2008 నవంబరులో కాన్ఫికర్ అనే పురుగు మొదలైంది. అది నెట్‌వర్క్ మీదుగా దూరే విండోస్ కన్నాన్ని అప్పటికే అక్టోబరులో మైక్రోసాఫ్ట్ పూడ్చే అప్‌డేట్ ఇచ్చింది, వేసుకోని వాళ్లు దొరికిపోయారు. నెట్‌వర్క్ మీద పాకడం చాలదనుకుందేమో, డిసెంబరు చివర్లో వచ్చిన దాని రెండో అవతారం పెన్‌డ్రైవ్‌లు ఎక్కడం నేర్చుకుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే ‘ఏం చేయమంటారు’ అని ఒక చిన్న కిటికీ వచ్చేది గుర్తుందా? అందులో ‘ఫోల్డర్ తెరిచి ఫైళ్లు చూడండి’ అని ఇంగ్లీషులో ఉండే మాటనే ఇది ఫోల్డర్ బొమ్మతో సహా దొంగగా ఇంకోటి పైన పెట్టేది. చూసేవాళ్లకి రెండు ఒకేలాంటి వరసలు. పైదే నొక్కుతాం, ఎవరైనా. అదే నెలల్లో అమెరికా సైన్యం మరో పురుగు దెబ్బకి తమ కంప్యూటర్లలో పెన్‌డ్రైవ్‌ల వాడకాన్నే నిషేధించింది.

మీ తమ్ముడి చిట్కా ఆ కాలంది. ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ పేరుతో ముందే ఒక ఫోల్డర్ ఉంటే, అదే పేరుతో ఫైలు పెట్టడం పురుగుకి కుదరదు. కొన్నిటి మీద నిజంగానే పనిచేసేది. విండోస్ 7 వచ్చేసరికి పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ ఆపేశారు. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్ ద్వారా ఆపేశారు. తలుపు మూసుకుపోయేసరికి పురుగులు రాసేవాళ్లు పద్ధతి మార్చారు: కంప్యూటర్ తనంతట తాను తెరవకపోతే, మనిషి చేతే తెరిపిద్దాం. షార్ట్‌కట్లు అలా వచ్చాయి. ఇప్పటి పురుగు మీ తమ్ముడి ఫోల్డర్ వైపు కూడా చూడదు, దాన్నీ దాచి దానికీ ఒక షార్ట్‌కట్ పెట్టేస్తుంది.

ఆ రోజుల్లో నేనూ తగిలించుకున్నాను. నెట్ సెంటర్లో రెజ్యూమె ప్రింటు తీసుకుని ఇంటికి వచ్చి చూస్తే, పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ బొమ్మతో ‘న్యూ ఫోల్డర్’ అని ఒకటి ఉంది. నేనే చేశానేమో, ఏముందో చూద్దామని నొక్కాను. అది ఫోల్డర్ కాదు, ఈఎక్స్ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాం. టాస్క్ మేనేజర్ తెరుచుకోవడం మానేసింది, ఫోల్డర్ ఆప్షన్స్ మెనూ మాయమైంది. మెమరీ కార్డులో పాటలు ఎక్కించే షాపులు వీధికొకటి ఉన్న కాలం అది, ఊరంతా ఒకే పురుగుని పంచుకున్నాం.

ఇక బాగుచేయడం. దీనికి వరస ముఖ్యం: ముందు రెండు సిస్టమ్‌లూ, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్‌లు. ఒకదాన్ని బాగుచేసి రెండోదాన్ని రేపు చూద్దాంలే అనుకుంటే రేపు రెండూ చూడాల్సి వస్తుంది. మధ్యాహ్నం షట్టర్ సగం దించి ఒక రెండు మూడు గంటలు పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లన్నీ తీసేయండి. రెండు సిస్టమ్‌ల మధ్య ఉన్న వైరు, ఇంటర్నెట్ వైరు పీకేయండి.

విండోస్ 10తో మొదలుపెడదాం, అది తేలిక. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ‘డీటెయిల్స్’ ట్యాబ్‌లో పేర్ల వరసలో డబ్ల్యూస్క్రిప్ట్ డాట్ ఈఎక్స్ఈ ఉందేమో వెతకండి. అది పురుగు కాదు, విండోస్‌లోదే. వీబీఎస్ ఫైళ్లను చదివి నడిపేది అదే. కానీ మీ షాపులో దానికి రోజంతా నడిచే పనేమీ లేదు. కనిపిస్తే ఎంచుకుని ‘ఎండ్ టాస్క్’ కొట్టండి. పక్కన ‘స్టార్టప్’ ట్యాబ్‌లో మీరు ఎరగని పేరు, అర్థంలేని అక్షరాల పేరు ఏదైనా ఉంటే రైట్ క్లిక్ చేసి ‘డిజేబుల్’ చేయండి. అది ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా అక్కడే చూడొచ్చు. యాప్‌డేటా లోపలి రోమింగ్‌లోనో, టెంప్‌లోనో ఉన్న వీబీఎస్ ఫైలైతే దాదాపు అదే మన దొంగ.

చేత్తో ఏరింది చాలదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’లో ముందు ‘ఎక్స్‌క్లూజన్స్’ అనే జాబితా చూడండి. ఈ ఫోల్డర్ల జోలికి పోవద్దని యాంటీవైరస్‌కి చెప్పే చోటు అది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించే వాళ్లు, ముందు యాంటీవైరస్ ఆపేసి, తర్వాత మొత్తం సీ డ్రైవ్‌నే ఆ జాబితాలో పెట్టి వెళ్లిపోతుంటారు. డబ్బిచ్చి కాపలావాణ్ణి పెట్టుకుని వాడి కళ్లకు గంతలు కట్టడమన్నమాట. మీరు యాంటీవైరస్ వేసినా పనిచేయలేదన్నారు కాబట్టి నా మొదటి అనుమానం ఇక్కడే. జాబితాలో ఉన్నవన్నీ తీసేయండి. ఒక్కసారి ఇంటర్నెట్ తగిలించి అప్‌డేట్ చేయించి మళ్లీ పీకేయండి. ఆ తర్వాత ‘స్కాన్ ఆప్షన్స్’లో ‘ఆఫ్‌లైన్ స్కాన్’ ఎంచుకోండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే పావుగంట సేపు వెతుకుతుంది. పురుగు నిద్ర లేవకముందు పట్టుకోవడం దీని లాభం. అది అయ్యాక మామూలుగా లేచిన విండోస్‌లో ‘ఫుల్ స్కాన్’ పెట్టి మీరు భోజనానికి వెళ్లొచ్చు.

విండోస్ 7తో ఈ సుఖం లేదు. అందులో విండోస్ సొంత కాపలా ప్రోగ్రాం డిఫెండర్ అని పేరుకి ఉంటుంది గానీ అది స్పైవేర్ (గూఢచారి ప్రోగ్రాంలు) వరకే చూసేది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొడితే స్టార్టప్ జాబితా వస్తుంది. తెలియని పేర్ల టిక్కులు తీసేయండి. టాస్క్ మేనేజర్‌లో ‘ప్రాసెసెస్’ కింద డబ్ల్యూస్క్రిప్ట్ కనిపిస్తే ఆపండి. స్కానింగ్‌కి మాత్రం యాంటీవైరస్ కంపెనీలు ఉచితంగా ఇచ్చే రెస్క్యూ డిస్క్ వాడండి. దాన్ని శుభ్రమైన వేరే కంప్యూటర్‌లో సీడీకో కొత్త పెన్‌డ్రైవ్‌కో ఎక్కించి, సిస్టమ్‌ని దానితోనే బూట్ చేయాలి. మీ సిస్టమ్‌లు చూసే అబ్బాయికి ఈ పని అప్పజెప్పండి, ఫార్మాట్ కన్నా ఇది అతనికీ తేలికే. భారత ప్రభుత్వానికి సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని ఒకటి ఉంది, 2017 ఫిబ్రవరిలో మొదలైంది. అందులో కూడా ఇలాంటి ఉచిత టూల్స్ ఉంటాయి. ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ హైదరాబాద్ వాళ్లు చేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అక్కడే దొరుకుతుంది, ఏ పెన్‌డ్రైవ్‌ని ఎవరు వాడొచ్చో అదుపు చేయడానికి పనికొస్తుంది.

పురుగు పోయిందో లేదో స్కానర్ మాట మీదే నమ్మకండి, మీరే పరీక్ష పెట్టండి. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, అందులో ‘పరీక్ష’ అని ఒక ఫోల్డర్ చేసి, లోపల ఏదో ఒక ఫొటో వేయండి. చేతులు కట్టుకుని ఐదు నిమిషాలు చూడండి. తీసి మళ్లీ పెట్టండి. సిస్టమ్ రీస్టార్ట్ చేసి ఇంకోసారి పెట్టండి. ఆ ఫోల్డర్ మీద బాణం మొలవకపోతే ఆ సిస్టమ్ శుభ్రపడినట్టే లెక్క. బాణం వస్తే పురుగు ఇంకా బతికే ఉంది, స్టార్టప్ దగ్గర్నుంచి మళ్లీ మొదలు. రెండో సిస్టమ్‌కీ ఇదే పరీక్ష పెట్టాక రెండిటి మధ్య వైరు కలపండి.

ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లు. శుభ్రమైన విండోస్ 10 సిస్టమ్‌కి ఆ కుర్రాడి పెన్‌డ్రైవ్ పెట్టండి. లోపల దేన్నీ డబుల్ క్లిక్ చేయకండి, అలవాటు మీద వేలు పోతుంది, జాగ్రత్త. ముందు దాన్ని యాంటీవైరస్‌తో స్కాన్ చేయించండి, పురుగునీ షార్ట్‌కట్లనీ చాలావరకు అదే ఏరేస్తుంది. అప్పుడు పెన్‌డ్రైవ్ ఖాళీగా కనిపిస్తుంది. కంగారుపడకండి, దాచినవి ఇంకా దాగే ఉన్నాయి.

విండోస్‌లో ఫైలుని మరుగున పెట్టే గుర్తులు రెండున్నాయి. ఒకటి ‘హిడెన్’, రెండోది ‘సిస్టమ్’. పురుగు రెండూ కలిపి వేస్తుంది. చాలామంది ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ‘హిడెన్ ఫైల్స్ చూపించు’ ఒక్కటే మార్చి, ఏమీ కనపడక, నిజంగానే పోయాయనుకుంటారు. దాని కిందే ‘ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లు దాచు’ అని ఇంకో టిక్కు ఉంటుంది. అదీ తీస్తేనే కనిపిస్తాయి, లేత రంగులో, దెయ్యాల్లా. కనిపించినా రైట్ క్లిక్ చేసి హిడెన్ టిక్కు తీద్దామంటే అది కదలదు, సిస్టమ్ గుర్తు అడ్డం పడుతుంది. రెండూ ఒకేసారి తీయాలి, దానికి ఒక పాత కమాండ్ ఉంది.

ముందు పెన్‌డ్రైవ్ ఏ అక్షరంతో వచ్చిందో చూసుకోండి, జీ అనుకుందాం. స్టార్ట్‌లో సీఎండీ అని కొడితే నల్ల కిటికీ వస్తుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా టైపు చేయండి: ఏ, టీ, టీ, ఆర్, ఐ, బీ. ఒక ఖాళీ. మైనస్ హెచ్. ఖాళీ. మైనస్ ఎస్. ఖాళీ. మైనస్ ఆర్. ఖాళీ. జీ, కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్, చుక్క, స్టార్. ఖాళీ. స్లాష్ ఎస్. ఖాళీ. స్లాష్ డీ. ఎంటర్. మైనస్‌కీ దాని అక్షరానికీ మధ్య ఖాళీ ఉండకూడదు. బ్యాక్‌స్లాష్ మామూలుగా ఎంటర్ కీ పైనుంటుంది, మిగతా రెండు స్లాష్‌లు ప్రశ్న గుర్తున్న కీ మీదివి. ఈ రెండూ కలగాపులగం చేసే చోటే అందరూ తడబడతారు. ఎంటర్ కొట్టాక పెన్‌డ్రైవ్ పెద్దదైతే ఒకటి రెండు నిమిషాలు ఏమీ జరగనట్టు ఉంటుంది, కిటికీ మూసేయకండి. కర్సర్ మళ్లీ కొత్త వరసలో కనిపించాక పెన్‌డ్రైవ్ తెరిచి చూడండి. అసలు ఫోల్డర్లన్నీ ముదురు పసుపులో వచ్చి ఉంటాయి.

వాటి పక్కనే ఎవరూ చేయని వీబీఎస్ ఫైలు, మిగిలిపోయిన షార్ట్‌కట్లు ఉంటే ‘టైప్’ అన్న తలకట్టు మీద నొక్కండి, ఒకే జాతివి ఒక చోట చేరతాయి. అప్పుడు షార్ట్‌కట్లన్నీ ఒకేసారి ఎంచుకుని డిలీట్ చేయండి. ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’ అనే ఫోల్డర్ కనిపిస్తే వదిలేయండి, అది విండోస్‌దే. కొన్ని పెన్‌డ్రైవ్‌లలో పేరే లేని ఒక ఫోల్డర్ బయటపడుతుంది. గమారూ జాతి పురుగులు ఫైళ్లన్నిటినీ అలాంటి అనామక ఫోల్డర్‌లోకి తోసేస్తాయి. లోపలివి బయటకు లాగి, దాన్ని తీసేయండి.

మీరు ఇప్పటికే ఫార్మాట్ కొట్టేసిన పెన్‌డ్రైవ్‌ల సంగతంటే, వాటిలో తర్వాత ఏమీ ఎక్కించకుండా ఉంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంత తిరిగి రావచ్చు. ఎక్కించేసి ఉంటే ఆశ వదులుకోవాల్సిందే.

మీ మెకానిక్ చెప్పిన ఫార్మాట్ సలహా పూర్తిగా కొట్టిపారేయను. స్కానర్ ఈ స్క్రిప్ట్ పురుగుతో పాటు సాలిటీ లాంటి పేర్లు చూపిస్తే, అవి ఈఎక్స్ఈ ఫైళ్లలోకే దూరే రకం. అప్పుడు ఏరుతూ కూర్చోవడం కన్నా విండోస్ కొత్తగా ఎక్కించడమే నయం. పై పరీక్షలో రెండు మూడుసార్లు బాణం మొలిచినా అంతే. కానీ ఫార్మాట్ కొట్టినా ఒక మెలిక ఉంది. కొత్త విండోస్ ఎక్కించి, డ్రైవర్ల కోసం అతను తన పెన్‌డ్రైవ్ పెడతాడు చూశారూ, అది ఎన్ని షాపులు తిరిగొచ్చిందో ఎవరికెరుక? ముందు దాన్ని స్కాన్ చేయమనండి. మొహమాటపడకండి.

పేజ్‌మేకర్ ఉన్న విండోస్ 7ని మీరు వదులుకోలేరని నాకు తెలుసు, డీటీపీ చేసే వాళ్లందరి కథా అదే. 2020 జనవరి 14తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. 2010లో స్టక్స్‌నెట్ అనే పురుగు బయటపడింది. ఇరాన్ అణు కేంద్రంలోని యంత్రాలను చెడగొట్టడానికి తయారైనదది, దారితప్పి మన దేశంలో కూడా చాలా కంప్యూటర్లకు ఎక్కింది. దాని షార్ట్‌కట్ మీద నొక్కనక్కర్లేదు, ఫోల్డర్ తెరిచి బొమ్మ కంటపడితే చాలు నడిచిపోయేది. ఆ కన్నాన్ని అదే ఏడాది ఆగస్టులో పూడ్చారు. 2009 నాటి డీవీడీతో ఎక్కించి ఒక్క అప్‌డేట్ కూడా వేయని విండోస్ 7 మీదైతే ఆ కన్నం ఈ రోజుకీ తెరిచే ఉంది. అందుకని దానికి ఇంటర్నెట్ వైరు శాశ్వతంగా తీసేయండి, బయటివాళ్ల పెన్‌డ్రైవ్ దానికి పెట్టొద్దు. డిజైన్ అయ్యాక మీ షాపు సొంత పెన్‌డ్రైవ్ ఒకటే రెండిటి మధ్య తిరగాలి. పాత డిజైన్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో వేసి బీరువాలో పెట్టండి. విండోస్ 10కి కూడా మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి, కొత్త మెషిన్ గురించి మెల్లగా ఆలోచించుకోవాలి.

ఇక కాలేజీ పిల్లల పెన్‌డ్రైవ్‌లు. మీలాంటి షాపు ఊరికి చెరువు గట్టు లాంటిది, అందరూ అక్కడికే వస్తారు. పాత సిస్టమ్ ఒకటి మూలన పడి ఉంటే దాని మీద విండోస్ బదులు లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, కస్టమర్ పెన్‌డ్రైవ్‌లు దానికే పెట్టండి. విండోస్ కోసం రాసిన ఈ పురుగులు అక్కడ లేవలేవు, దాచిన ఫైళ్లు కూడా మామూలుగా కనిపించేస్తాయి. అను ఫాంట్లు దాని మీద నడవవు గానీ, ప్రింటుకి వచ్చేవి ఎక్కువ పీడీఎఫ్‌లే కదా. అది కుదరకపోతే విండోస్ 10లో ‘విండోస్ స్క్రిప్ట్ హోస్ట్’ని ఆపేయమని మీ మెకానిక్‌కి చెప్పండి, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) ఒక్క విలువ మార్చే పని. వీబీఎస్ పురుగులు ఇక లేవవు. అన్ని పురుగులకూ ఇదే మందు కాదు, రాస్‌బెర్రీ రాబిన్ వేరే దారిలో వస్తుంది. ఫైళ్ల పేర్ల చివరి తోకలు (డాట్ ఈఎక్స్ఈ, డాట్ పీడీఎఫ్ లాంటివి) కనిపించేలా కూడా సెట్టింగ్ మార్చుకోండి, ఫోల్డర్ వేషం వేసిన ఈఎక్స్ఈ దొరికిపోతుంది. షార్ట్‌కట్ల తోక మాత్రం ఆ సెట్టింగ్ పెట్టినా కనిపించదు, విండోస్ దాన్ని దాచే ఉంచుతుంది. వాటికి బాణమే గుర్తు. మీ డెస్క్‌టాప్ మీద బాణాలుంటే భయం లేదు, అక్కడుండేవి షార్ట్‌కట్లే. కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో బాణం కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి.

పని పూర్తయ్యాక ఆ కుర్రాడికి ఫోన్ చేసి, రిపోర్టు వచ్చింది, వచ్చి తీసుకెళ్లమనండి. మీ సిస్టమ్‌లో పురుగు ఉన్న మాట నిజమేనని ఒప్పుకోండి, దాచిపెట్టి లాభం లేదు. కానీ ఇంకో మాట కూడా అడగండి: ఈ నెలలో ఈ పెన్‌డ్రైవ్ ఇంకెక్కడెక్కడ పెట్టాడు? కాలేజీ ల్యాబ్‌లోనా, హాస్టల్లో స్నేహితుడి ల్యాప్‌టాప్‌కా? నెల కిందట ఇది మీ షాపులో పుట్టలేదు, ఏదో ఒక పెన్‌డ్రైవ్ మీద నడిచొచ్చింది. ల్యాబ్ అని చెబితే, ఆ నల్ల కిటికీ కమాండ్ ఒక కాగితం మీద రాసి అతని చేతికివ్వండి, ల్యాబ్ చూసుకునే వాళ్లకి ఇవ్వమని.